ఇరవై మూడో వస్తువు

ఆళ్లగడ్డ నుంచి నేను పంపిన ఫారం పోయిన వారం తిరిగొచ్చింది. రెండుచోట్ల మా పైఆఫీసు వాళ్లు ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. మొదటిది ఎమర్జెన్సీ ట్రేలో ఉండాల్సిన వస్తువుల జాబితా చివర. అచ్చులో ఉన్నవి ఇరవై రెండే, ఇరవై మూడోది నేను చేత్తో రాశాను. రెండోది నేను రాసిన రెండు మాటల చుట్టూ: "పరిశీలకురాలి సహాయంతో". ఆ పరిశీలకురాలిని నేనే. పక్కన ఒక ప్రశ్న. ఈ నర్సు ఒంటరిగా చేయగలదా, లేదా?

ఈ రెండింటికీ నేను జవాబు రాయాలి. నేను రాసేదాన్ని బట్టి సువార్తమ్మ అనే యాభై నాలుగేళ్ల నర్సు ఎమర్జెన్సీ గదిలోనే ఉంటుందో, ఓపీ చీటీలు రాసే కిటికీ దగ్గరికి పోతుందో తేలుతుంది. వారం నుంచి కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది. ఫారంలో గడి చూస్తే అంగుళం కూడా లేదు. అందుకని ముందు ప్రయాణమంతా ఇక్కడ రాసుకుంటాను. నంద్యాల వైపు ఎప్పుడూ వెళ్లనివాళ్లకి ఆ ఊళ్ల సంగతీ కాస్త తెలుస్తుంది.

నాది తెనాలి. చిన్న ఆసుపత్రుల నర్సులకి అత్యవసర వైద్యంలో శిక్షణ ఇవ్వడం నా ఉద్యోగం. పదహారేళ్లు వార్డులో పనిచేశాను. తొమ్మిదేళ్లుగా రోగిని ముట్టుకోకుండా బొమ్మ మీద పాఠం చెబుతున్నాను. ఆ సంగతి నాకు నచ్చదు. ఎవరైనా గుర్తుచేస్తే అసలు నచ్చదు.

గిద్దలూరు దాటాక

గుంటూరులో రైలెక్కినప్పటి నుంచి నా బాధంతా ఆ బొమ్మ సంచీ గురించే. నడుము దాకా ఉన్న రబ్బరు మనిషి, చేతులుండవు, తలా ఛాతీ మాత్రమే. సీటు కింద పట్టదు, పైన పెడితే కుదుపుకి జారుతుంది. నాలుగుసార్లు లేచి సర్దాను. గిద్దలూరు దాటి నల్లమల మొదలయ్యాక, ఐదోసారి సర్దబోతే జిప్పు చిరిగింది. తల బయటికొచ్చి, ఎదురు సీటులో కునుకుతున్న ముసలామె ఒళ్లో పడ్డంత పనైంది.

ఆమె కేక పెట్టలేదు. కళ్లు నులుముకుని ఆ మొహాన్ని కాసేపు చూసింది.

"ఏందమ్మా ఇది? సచ్చిపోయినోని మాదిరుండాది."

"బొమ్మ అవ్వా. గుండె ఆగిపోతే ఎలా నొక్కాలో నేర్పడానికి."

"నొక్కితే లేస్తాడా?"

"బొమ్మ లేవదు. మనిషైతే ఒక్కోసారి లేస్తాడు."

ఆమెది గడివేముల. మార్కాపురంలో కూతురిని చూసి ఇంటికి పోతోంది. "మా ఆయప్ప చేన్లో పడిపోయినప్పుడు ఎవురూ నొక్కలా. ఎర్రగడ్డ కొట్టి వాసన చూపిచ్చినాం" అంది. ఆయప్పంటే ఆయన, ఎర్రగడ్డంటే మా ఉల్లిపాయ. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె కొంగు నడుముకి దోపుకుని, "యాడ నొక్కాల? చూపీ" అంది.

చూపించాను. సరిగ్గా లోపలికి దిగితే బొమ్మలో టిక్కుమని చప్పుడవుతుంది. ఆమె నొక్కితే మూడోసారికే టిక్కుమంది. జీవితమంతా కలుపు తీసిన భుజాలు. ఆ తర్వాత బోగీలో సగం మంది వరసకట్టారు. సొరంగం వచ్చి చీకటైనప్పుడు కూడా టిక్కు టిక్కుమంటూనే ఉంది. నంద్యాలలో దిగేటప్పుడు ఆమె నా చేతిలో రెండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, అంటే మా వేరుశనగ పొడి, పెట్టింది. పొడి తిని ఊరంతా నీళ్ల కోసం వెతుక్కున్నాను.

నంద్యాల

స్టేషన్ బయట ఆటో అతను సంచీలోంచి తొంగిచూస్తున్న తలని చూసి, "ఇద్దురికీ కలిపి నూటిరవై" అన్నాడు. నవ్వలేదు కూడా. వందకి తెగింది.

పొద్దున్నే టిఫిన్ కొట్టులో ఉగ్గాని పెట్టారు. మేం మరమరాలంటాం, వాళ్లు బొరుగులంటారు. మా వైపు వాటిని కరకరలాడుతుండగానే తింటాం, మెత్తబడితే పారేస్తాం. ఇక్కడ కావాలనే నీళ్లలో తడిపి పిండేసి, ఎర్రగడ్డతో తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. ప్లేటు ముప్పై ఐదు. మొహం చిట్లించి మొదలుపెట్టి రెండో ప్లేటు అడిగాను. కొట్టు ఆయన, "తిను తల్లీ, పొద్దుననంగా పోతే మళ్ల ఎప్పుడు తింటావో" అన్నాడు. నిలబడే తిన్నాను. ఆలస్యం అయిపోతోందని ఒకటే తొందర, వెళ్లి చూస్తే శిక్షణ హాలు తాళం ఇంకా తీయలేదు.

వెలుగోడు, దొర్నిపాడు, గడివేముల, ఆళ్లగడ్డల నుంచి పద్నాలుగు మంది నర్సులొచ్చారు. రెండు రోజుల పాఠం. ఒకేసారి నలుగురు రోగులొస్తే ఎవరిని ముందు చూడాలి? గట్టిగా అరిచేవాణ్ణి అన్నారు సగం మంది. అరిచేవాడికి ఊపిరి ఆడుతోంది కాబట్టే అరుస్తున్నాడు, మూల కూర్చుని చెమటలు పట్టి మాట్లాడనివాడి దగ్గరికి ముందు పొమ్మన్నాను. వెలుగోడు నర్సు ఒకామె పెన్ను కింద పెట్టేసి చాలాసేపు కిటికీ వైపు చూసింది. ఎవరో గుర్తొచ్చి ఉంటారు.

రెండో రోజు ఫిట్స్ గురించి. నా నియమాలు మూడే. మనిషిని పక్కకి తిప్పు. నోట్లో ఏదీ పెట్టకు. వెంటనే షుగర్ చూడు. షుగర్ పడిపోతే కూడా ఫిట్స్ వస్తాయి, అది కనిపెట్టకుండా ఎన్ని ఇంజెక్షన్లు చేసినా మెదడు దెబ్బతింటుంది. వంద క్లాసుల్లో చెప్పుంటాను ఈ మాట.

ఒక్కొక్కరే వచ్చి బొమ్మ మీద చేసి చూపించాలి. అప్పుడే సువార్తమ్మని సరిగా చూశాను. నూలు చీర మీద తెల్లకోటు, రొమ్ము దగ్గర పిన్నుతో గుచ్చుకున్న పాతకాలం గడియారం. బొమ్మని పక్కకి తిప్పిన తీరు చూస్తే, పసిబిడ్డని ఒత్తిగిలి పడుకోబెట్టినట్టుంది. తర్వాత తన సంచీలోంచి ఇంటి తాళాల గుత్తి తీసింది. బొమ్మకి చేతులు లేవు కదా, కాసేపు తటపటాయించి భుజం పక్కన పెట్టింది. హాలంతా నవ్వు.

"ఇదేంటి సువార్తమ్మగారూ?"

"ఫిట్సు కదా మేడమ్. తాళాలు."

"తాళాలతో ఫిట్స్ ఆగుతాయా?"

"ఆగవు."

"మరెందుకు?"

ఏదో చెప్పబోయింది. నేను గడియారం చూసుకున్నాను. ఇంకా ఆరుగురు మిగిలున్నారు. "అట్ల అలవాటైపాయ" అని పక్కకి జరిగింది. షుగర్ చూడటం మాత్రం మరిచిపోయింది. ఫెయిల్ అని రాశాను.

టీ తాగేటప్పుడు నా దగ్గరికొచ్చింది. రెండోసారి కూడా తప్పితే వాళ్ల ట్రస్టు ఆసుపత్రి ఆమెని ఎమర్జెన్సీ నుంచి తీసేసి చీటీల కిటికీ దగ్గర కూర్చోబెడుతుంది. రెండో పరీక్ష శనివారం, ఆళ్లగడ్డలో, ఆమె గదిలోనే. పెట్టేది నేనే.

"షుగరు మర్సిపోతి మేడమ్. ఇంగ మరవను" అంది. అరచేతిలో పెన్నుతో "షుగర్" అని రాసుకుని ఉంది. చిన్నపిల్లలా ఇదేంటి అనుకున్నాను.

ఆళ్లగడ్డకి బస్సు

శుక్రవారం పొద్దున ఇద్దరం కలిసే వెళ్లాం. బొమ్మకి కూడా టికెట్ కొడతాడేమోనని నా భయం. సువార్తమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, చీర కొంగు కప్పి, కండక్టర్ వైపు చూడనైనా లేదు. అతను కూడా చూడకుండానే వెళ్లిపోయాడు.

"సువార్తమ్మగారూ, మీరు ఆ గదిలో ఎన్నాళ్ల నుంచి?"

"గారు ఏంది మేడమ్, సువార్తమ్మా అను చాలు. పంతొమ్మిదేండ్లు." బొమ్మ మీద కొంగు సర్ది, "మా ఇంటాయన బడి పంతులు. పోయి ఆరేండ్లాయ. ఇంట్ల ఒక్కదాన్నే. చీటీల కాడ కూసోబెడితే నాకు పానం పోతాది. పేరేంది, వయసెంత, పేరేంది, వయసెంత. ఇంగ నేనెందుకు?" అంది.

నేను కిటికీ మూశాను, తెరిచాను.

ఊరు దగ్గరపడుతుంటే ముందు చప్పుడు వినిపించింది. రోడ్డుకి రెండు వైపులా రాయి చెక్కే పందిళ్లు. సగం చెక్కిన దేవుళ్లు, తల లేని నందులు, కాళ్లింకా రాయిలోనే ఉన్న హనుమంతులు. చెట్ల ఆకులన్నీ తెల్లటి దుమ్ము. మా వైపు విగ్రహమంటే గుళ్లో గర్భాలయంలో చూడటమే. ఇక్కడ టీ తాగే మనిషి నరసింహస్వామి తొడ మీద గ్లాసు పెట్టాడు.

మధ్యాహ్నం సువార్తమ్మ ఇంట్లో రాగిసంగటి, నాటుకోడి పులుసు. సంగటి నమలకూడదట, మింగాలట. నేను నమిలాను. ఆమె నవ్వాపుకుంది. తినేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది, అందులో "బొమ్మను మోసుకుని దూరం నుండి వచ్చిన మేడమ్‌ను" కూడా దీవించమంది. నన్ను మంచి చేసుకోవాలని అనలేదు, ఆ గొంతు వింటే తెలుస్తుంది.

ట్రే

ఎమర్జెన్సీ గదిలో రెండు మంచాలు. గోడకి డాక్టరు సంతకం చేసిన కాగితాలు అంటించి ఉన్నాయి, ఆయన వచ్చేలోపు నర్సు ఏ మందు ఎప్పుడు ఇవ్వచ్చో అందులో ఉంది. ట్రే తెరిచి జాబితాతో సరిచూశాను. ఇరవై రెండూ ఉన్నాయి, ఏదీ గడువు దాటలేదు. ట్రే కింది సొరుగులో, షుగర్ చూసే మిషన్ పక్కన, తుప్పు పట్టిన తాళాల గుత్తి ఒకటి.

"ఇవి ఏ తాళాలవి?"

"దేనివీ కావు మేడమ్. ఫిట్సు వస్తే..."

"జాబితాలో లేనిది ట్రే దగ్గర ఉండకూడదు" అని గుత్తి తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఆమె నా బ్యాగు వంక చూసింది. పరీక్ష పెట్టేదాన్ని నేను, ఎదురు చెప్పలేదు.

సాయంత్రం ఊరికే ఉండలేక పందిళ్ల వైపు నడిచాను. వీరాచారి అని ఒక శిల్పి, యాభై దాటుంటాయి, నరసింహుడి గోళ్లు చెక్కుతున్నాడు. కళ్లు ఆఖరున తెరుస్తారట, అప్పటిదాకా అది రాయే. చిన్న వినాయకుడు ఎంతని అడిగితే మూడు వేలన్నాడు. "దుడ్లు తర్వాత మాట్లాడుకుందాం, ముందు కూసో తల్లీ" అని స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు. నర్సునని చెప్పాను. వెంటనే తన రోగాలు చెప్పాడు, అందరూ చెబుతారు.

"షుగరుంది. బిళ్లలు ఏసుకుంటాండా. రేపు శనివారం, స్వామికి ఒక్కపొద్దు. ముప్పై ఏండ్లాయ, ఒక్క శనివారం తప్పల్యా."

ఒక్కపొద్దంటే ఉపవాసం. తిండి మానిన రోజు బిళ్ల కూడా మానాలి, లేదా డాక్టర్ని అడగాలి. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు అర నిమిషం పట్టేది. "జాగ్రత్త" అని వచ్చేశాను. మర్నాటి పరీక్ష కాగితాలు సర్దుకోవాలని తొందర.

శనివారం పొద్దున

పరీక్ష పదకొండుకి. పదిన్నరకి బొమ్మని మంచం మీద పడుకోబెడుతుంటే గుమ్మంలో ఆటో ఆగింది. ఇద్దరు మనుషులు ఒకతన్ని మోసుకొచ్చారు. ఒళ్లంతా రాతిదుమ్ము, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లో నురగ. వీరాచారి. వెనకే ఆయన భార్య, ఆమె తమ్ముడు. డాక్టరు పైన ఆపరేషన్‌లో ఉన్నారు.

సువార్తమ్మ అప్పటికే నా బొమ్మని కింద పడేసి, ఆయన్ని మంచం మీద పక్కకి తిప్పేసింది. గడ్డం పట్టుకుని నురగ బయటికి పోయేలా చేసింది. భార్య ఏడుస్తోంది. "ఇనుము పెట్టండక్కా చేతిలో, ఇనుము పెట్టండి." సువార్తమ్మ చెయ్యి అలవాటుగా సొరుగులోకి పోయింది. ఖాళీ. తలెత్తి నా వైపు చూసింది.

ఈలోపు బామ్మర్ది మొలలోంచి ఉలి తీశాడు. రాయి చెక్కే ఉలి, జానెడు ఉంటుంది. "పండ్లు కరుసుకున్నాడు, నాలిక తెగిపోతాది" అంటూ దాన్ని వీరాచారి పళ్ల మధ్యకి తోయబోయాడు. నేను అతని మణికట్టు పట్టుకున్నాను. "బయటికి పొండి అందరూ" అని అరిచాను. అతను పోలేదు. నన్ను విదిలించాడు. "మా మనిషి పోతాంటే నువ్వెవరు?" మోసుకొచ్చినవాళ్లు కూడా నా మీదికొచ్చారు. ఉలి, నా చెయ్యి, అతని చెయ్యి, మధ్యలో ఆ నోరు. ఎంతసేపో తెలియదు. నేను చెప్పిన పాఠాల్లో ఒక్క ముక్క నా తలలో లేదు.

"మేడమ్, తాళాలు" అంది సువార్తమ్మ. గొంతు పెంచలేదు.

బ్యాగులో చెయ్యి పెడితే దువ్వెన, టికెట్లు, పెన్ను, మాత్రల డబ్బా, అన్నీ తగిలాక గుత్తి తగిలింది. ఇచ్చాను. ఆమె దాన్ని వీరాచారి భార్య చేతిలో పెట్టింది.

"ఇదో తల్లీ. ఆయప్ప గుప్పిట్లో పెట్టి నీ చెయ్యితో మూసి పట్టుకో. అదమాకు, ఊరికే పట్టుకో. వదలాకు." తర్వాత రొమ్ము మీది గడియారం ఊడదీసి బామ్మర్దికి చాపింది. "ఆ ఉలి నాకియ్యప్పా. నువ్వీ గడియారం చూడు. ఎన్ని నిమిషాలు కొట్టుకున్నాడో డాక్టరుకు నువ్వే చెప్పాల. తప్పు చెప్పాకు."

అతను ఉలి ఇచ్చేశాడు. రెండు చేతుల్తో గడియారం పట్టుకుని దాని మీదే చూపు పెట్టాడు. గదిలో అరుపులు ఆగాయి.

నేను ఫిట్స్ ఇంజెక్షన్ కోసం ట్రే వైపు తిరిగాను. ఆక్సిజన్ పెట్టేసి ఆమె షుగర్ మిషన్ తీసింది. సూది చెవి తమ్మె దగ్గరికి తీసుకుపోయింది.

"వేలు" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"రాయి కొట్టే చెయ్యి మేడమ్. సూది దిగదు."

నిన్న ఆ వేళ్లు చూశాను నేను, కాయలు కాసి కొమ్ములా ఉన్నాయి. చెవి నుంచి ఒక చుక్క. ముప్పై ఒకటి. అంత తక్కువ షుగర్‌తో మనిషి ఎక్కువసేపు ఉండలేడు. ఆమె గోడ మీది కాగితం వైపు ఒక్కసారి చూసింది, ముంజేతిలో నరం ఒక్క పోటుకే దొరకబుచ్చుకుంది. "గ్లూకోజ్ సీసా" అంది. ఇరవై ఐదు శాతం సీసా మూత తీసి అందించాను. ఆ పొద్దున నేను చేసిన సాయం అదొక్కటే.

"ఆరు నిమిషాలాయ అక్కా" అన్నాడు బామ్మర్ది. "నిలిచినాడు... కాళ్లు కొట్టుకునేది నిలిచిపాయ."

వీరాచారి కాసేపటికి కళ్లు తెరిచి, "యాడుండా?" అన్నాడు. భార్య ఆ గుత్తిని కళ్లకద్దుకుంది.

పావుగంట కాగానే ఇంటికి పోతామన్నారు. సువార్తమ్మ ఒప్పుకోలేదు. "బిళ్ల ఇంగా ఒంట్లోనే ఉండాది. మళ్ల పడిపోతాడు. రేపటిదాకా ఈడనే." డాక్టరు దిగొచ్చి అదే చెప్పారు. ఆమె మళ్లీ మళ్లీ షుగర్ చూస్తూనే ఉంది. చెవి పట్టుకున్నప్పుడు అరచేతిలో నీలం సిరా కనిపించింది. కడిగిన ప్రతిసారీ మళ్లీ రాసుకుంటోందన్నమాట.

నేను మంచం దగ్గరికి వెళ్తే వీరాచారి గుర్తుపట్టాడు. "నిన్న నీకు చెప్తి కదమ్మా, షుగరుందని, ఒక్కపొద్దని" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, తెలిసిన మనిషి కనిపించిందని. సువార్తమ్మ విన్నది. దుప్పటి సర్దింది.

తర్వాత అడిగాను, తాళాల సంగతి.

"వట్టి చేతులతో వచ్చినోళ్లు ఊరుకుంటారా మేడమ్? గరిటె పెడతారు, ఉలి పెడతారు. శానా ఏండ్ల కిందట ఒకాయనకు పన్ను ఊడి గొంతులోకి పాయ. ఆ పొద్దు నుంచి తాళాలు తెచ్చి పెట్టినా. వాళ్ల చేతికి పనుంటే నా చేతికి పని కుదురుతాది."

"క్లాసులో ఎందుకు చెప్పలేదు?"

"మీరు గడియారం చూసుకుంటాంటిరి."

వెనక్కి

మూడింటి బస్సుకి ముందు ఫారం నింపాను. పరీక్ష మళ్లీ పెట్టే మొహం నాకు లేదు. ట్రే జాబితా చివర "23. తాళాల గుత్తి" అని రాయడం సులువుగానే అయింది. "షుగర్ చూసినది ఎవరు" అన్న చోట "సువార్తమ్మ" అని రాసి పెన్ను ఆపాను. పాతికేళ్ల అనుభవం ఉన్న టీచర్ పక్కనుండగా నర్సు చూసిందంటే, టీచర్ ఏం చేస్తున్నట్టు? ఆ ప్రశ్న ఎవరూ అడగకూడదని "పరిశీలకురాలి సహాయంతో" అని రెండు మాటలు కలిపాను. సీసా అందించాను కదా, అబద్ధం కాదులే అనుకున్నాను.

సువార్తమ్మ బస్సు దాకా వచ్చింది. బొమ్మ సంచీ చిరుగు తనే కుట్టింది, ఆసుపత్రి దారంతో, గాయం కుట్టినట్టే. "పాసేనా మేడమ్?" అని అడిగింది. "పాసే" అన్నాను. నల్లమల దాటేదాకా కిటికీ తీస్తూ వేస్తూనే ఉన్నాను.

నా గౌరవం కోసం కలిపిన ఆ రెండు మాటలే ఆమె ఉద్యోగం మీదికొచ్చాయి. ఒంటరిగా చేయగలదా, లేదా?

ఇదంతా రాశాక ఇవాళ పొద్దున ఫారం తీశాను. ఇరవై మూడో వరుసలో ఇలా రాశాను: తాళాల గుత్తి, ఒకటి. ఉపయోగం: తోడొచ్చినవాళ్ల చేతులు ఖాళీగా ఉండకుండా.

రెండో చోట నా రెండు మాటలూ కొట్టేశాను. గడి చాలక పక్క ఖాళీలోకి పోయి రాశాను: ఒంటరిగానే. రోగికి షుగర్ ఉందని, ఆ రోజు ఉపవాసమని పరిశీలకురాలికి ముందురోజే తెలుసు. ఆమెకు గుర్తు రాలేదు. నర్సుకు ఎవరూ చెప్పలేదు. నర్సు చూసింది.